చలిలేని చలికాలము – కోట తీరము

ఋతువులు తమ క్రమమును తప్పినప్పుడు మొట్టమొదట గ్రహించువాడు కర్షకుడు. అటుపిమ్మట సముద్రముపై బ్రదుకువాడు. పట్టణవాసికి ఆ సంగతి తెలియునప్పటికి కాలము చాల గడచిపోవును. సంక్రాంతికి చంకలెత్తనీయని చలి శివరాత్రికి శివశివా యని పోవునని మన పెద్దలు చెప్పుదురు. నెల్లూరు తీరమున చలి యెన్నడును ఉత్తరదేశమునందువలె ఎముకలు కొరికినది కాదు. అయినను ధనుర్మాసపు వేకువను క్రమ్ముకొను పొగమంచు, పైరుమీద నిలుచు మంచుబొట్లు, భోగిమంటచుట్టు చేరవలెనను కోరిక, ఇవి కోట, వాకాడు, చిల్లకూరు ప్రాంతముల వారికి ఏటేట అనుభవములోనివే. ఇప్పుడు ఆ ప్రాంతపు రైతులు సామెతను మార్చి చెప్పుకొనవలసిన దినములు వచ్చినవనుచున్నారు. చలి శివరాత్రివరకు నిలుచుట లేదట. కొన్ని సంవత్సరములందు అది వచ్చినదో లేదో తెలియకుండగనే పోవుచున్నదట.

ఇది ముసలివారు గతమును తలచుకొని పలుకు మాట మాత్రమేయని త్రోసివేయుటకు వీలులేదు. భారత వాతావరణ శాఖవారు 1901వ సంవత్సరమునుండి దేశమంతటికిని సగటు ఉష్ణోగ్రతల లెక్క కట్టుచున్నారు. ఆ లెక్కలో 2022 డిసెంబరు అదివరకటి డిసెంబరు లన్నిటికంటె వెచ్చనిది. 2023 ఫిబ్రవరిలో పగటి ఉష్ణోగ్రతల సగటు 29.54 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఫిబ్రవరి మాసములలో మొదటిస్థానము నందెను. 2025 ఫిబ్రవరిలో రాత్రింబవళ్ల సగటు 22.04 డిగ్రీలై మరల అట్టి స్థానమునే పొందెను. ఇక 2024వ సంవత్సరము మొత్తముమీద 1991–2020 మధ్యకాలపు సగటుకంటె 0.65 డిగ్రీలు అధికమై, 1901 నుండి అత్యంతోష్ణ సంవత్సరముగ నిలిచెను. ఆ యేడే భూగోళపు సగటు ఉష్ణము యంత్రయుగమునకు పూర్వమున్న స్థితికంటె సుమారు 1.55 డిగ్రీలు హెచ్చినదని ప్రపంచ వాతావరణ సంస్థవారు ప్రకటించిరి.

ఈ యంకెలను చదువునపుడు ఒక హెచ్చరిక యవసరము. ఇవి దేశమునకును, ప్రపంచమునకును సగటులు. కోటకు మాత్రమే చెందినవి కావు. ఒక్క చలికాలము వెచ్చగా నుండినంతమాత్రమున కాలధర్మము మారినదని నిర్ణయించుటయు సరికాదు. తీరప్రాంతపు రాత్రులకు కొన్ని సహజకారణములు గలవు. సముద్రజలము భూమికంటె మెల్లగ చల్లారును. అందువలన తూర్పుగాలి వీచునన్నాళ్లు తీరమున చలి తగ్గియే యుండును. బంగాళాఖాతమున వాయుగుండమేర్పడి ఆకాశము మేఘావృతమైనచో, పగలు భూమి గ్రహించిన వేడి రాత్రి పైకి పోజాలక మేఘముల క్రింద నిలిచిపోవును. ఎల్‌నినో, లానినాల ప్రభావమును గలదు. అందుచే ఒక సంవత్సరమును జూచి భయపడుట అవివేకము. కాని ఒకదాని వెనుక నొకటిగ రికార్డులు బ్రద్దలగుచుండగా, ప్రతిదానిని యాదృచ్ఛికమనుకొని ఊరకుండుట అంతకంటె అవివేకము. బంగాళాఖాతపు నీరే వెచ్చబడుచున్నప్పుడు, ఆ నీటిమీదనుండి వచ్చు గాలి చల్లగా నుండునని యెట్లు ఆశింపగలము?

చలి తగ్గిన నష్టమేమి, సుఖమేకదా యని పట్టణమున కొందరు అడుగవచ్చును. సమాధానము కోట పొలములలో దొరకును. కృష్ణా గోదావరీ మండలములలో సార్వా ప్రధానము. నెల్లూరు సీమలో అట్లు కాదు. ఇచ్చట ఈశాన్య ఋతుపవనపు వానలతో చెరువులు నిండినపిమ్మట, అక్టోబరునుండి డిసెంబరువరకు నాట్లుపడును. జనవరి, ఫిబ్రవరి మాసములలో పైరు పొట్టకువచ్చి యీనును. ఫిబ్రవరి మొదలు ఏప్రిలువరకు కోతలు సాగును. అనగా ఇచ్చటి వరి చలికాలపు బిడ్డ. పగలు వెలుతురు నిండుగనుండి, రాత్రి చల్లగనుండుట యీ పంటకు వరము. పగలు ఆకు సూర్యరశ్మితో పిండిపదార్థమును తయారుచేసికొనును. రాత్రి శ్వాసక్రియకై అందులో కొంత ఖర్చుపెట్టుకొనును. రాత్రి వెచ్చబడినకొలది ఆ ఖర్చు పెరుగును. గింజలో చేరవలసినది గాలిలో కలిసిపోవును. పైరు త్వరపడి ముదురుటచే గింజ నిండుటకు కాలము చాలదు. పుప్పొడి సమయమున ఎండ 35 డిగ్రీలను మించెనా, తాలు పెరుగును. గాలిలో తేమయు వెచ్చదనమును కలిసినచో సుడిదోమకు పండుగ.

ఇవి ఊహలు కావు. ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రములలో 1979 నుండి 2003 వరకు జరిగిన పరిశీలన 2004లో ప్రకటింపబడెను. ఎండకారు పంటకాలమున రాత్రి కనిష్ఠోష్ణము 1 డిగ్రీ హెచ్చినప్పుడు దిగుబడి నూటికి 10 వంతున తగ్గినదని అందు తేలెను. పగటి వేడికంటె రాత్రి వేడియే యెక్కువ చెరుపు చేసినది. మన నేలకును, మన వంగడములకును ఆ లెక్క అక్షరాల సరిపోవునని మేము చెప్పము. అయినను దాని యర్థమేమో మన కొలతలో చూతము. ఎకరమునకు మూడుపుట్లు పండు చేనిలో నూటికి 10 వంతు తగ్గెననగా, 850 కిలోల పుట్టి లెక్కన 255 కిలోల ధాన్యము పోయినట్లు. కౌలురైతునకు మిగులునది సాధారణముగ అంతే. భూస్వామికి కౌలు తగ్గదు, ఎరువుల కొట్టువానికి బాకీ తగ్గదు, కోతయంత్రపు బాడుగ తగ్గదు. తగ్గునది రైతు కంచములోని కూడు మాత్రమే. మొలగొలుకులకు పేరెన్నికగన్న సీమలో ఈ ప్రశ్న వాతావరణ శాస్త్రజ్ఞుల గోష్ఠికి పరిమితమైనది కాదు. అది సంసారముల ప్రశ్న.

వేడివలన నీటి సంగతియు మారుచున్నది. మధ్యధరా సముద్రమందలి సైప్రసు ద్వీపమునకును మన తీరమునకును ఒక పోలిక గలదు. రెంటికిని సంవత్సరపు వర్షములో ముఖ్యభాగము శీతకాలపు నెలలలోనే పడవలెను. ఆ నెలలు ఎండిపోయినయెడల తరువాత ఆధారములేదు. సైప్రసులో అట్టి అనావృష్టి సంభవించి, 2008లో గ్రీసుదేశమునుండి ఓడలపై త్రాగునీరు తెప్పించుకొనవలసివచ్చెను. ఓడలు సైప్రసునకే గాని మనకేలయని నవ్వుకొనుటకు వీలులేదు. మనకు దక్షిణమున కూతవేటు దూరముననున్న చెన్నపట్టణమునకు 2019 జూలైలో రైలుబండ్లపై నీరు చేరవేయబడెను. ఆ పట్టణపు దాహము తీర్చుటకు నెల్లూరు సీమలోని కండలేరు జలాశయమునుండి తెలుగుగంగ నీరు పోవుచున్నది. ఆ జలాశయమునే మన పొలములును నమ్ముకొనియున్నవి. వేసవి ఫిబ్రవరిలోనే యారంభమైనచో చెరువులలో నీరు ముందుగ ఆవిరియగును; పైరు నీరెక్కువ త్రాగును; పట్టణములును ముందుగనే నీరు కోరును. ముగ్గురు కలిసి ఒకే కుండను ఆశ్రయించినపుడు బలవంతునికే మొదటి చెంబు దక్కునని వేరుగ చెప్పనక్కరలేదు.

వానలు పూర్తిగ లేకపోవుట యొక యాపద; ఒక్కపెట్టున కురియుట మరియొక యాపద. గాలి యొక్కొక్క డిగ్రీ వేడెక్కినకొలది నూటికి సుమారు 7 వంతుల నీటియావిరిని అధికముగ మోయగలదు. మోసినదానిని అది యొకదినమున క్రుమ్మరించును. 2015 నవంబరులో నెల్లూరు, చిత్తూరు సీమలు వరదపాలైనవి. 2021 నవంబరులో స్వర్ణముఖి, పెన్న నదులు పొంగి, నెల్లూరువద్ద పడుగుపాడున రైలుకట్ట కొట్టుకొనిపోయెను. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లవద్ద తీరము దాటిన మిచాంగ్ తుపాను, అంతకుముందు నెల్లూరు తీరమును వెంబడించి నాట్లు మునిగించెను. తుపానులు మనకు క్రొత్తవి కావు. 1927 నవంబరులో నెల్లూరును తాకిన గాలివానను మన తాతలు కథలుగ చెప్పిరి. క్రొత్తదేమనగా, వరదయు ఎండయు ఒకే పంటకాలమున వచ్చుట. డిసెంబరులో మునిగిన చేనే ఫిబ్రవరిలో మాడుట.

ఇంతవరకు చెప్పినది ఆకాశమునుండి వచ్చు కీడు. మన చేతులమీదుగ భూమికి జరుగు కీడును చెప్పనిచో విషయము సగమే యగును. కోట, చిల్లకూరు మండలముల తీరమున తెల్లని ఇసుకనేలలు గలవు. ఆ ఇసుకలో సిలికా సమృద్ధిగ నుండుటచే గాజు తయారుచేయువారికిని, పోతపని కర్మాగారములకును అది బంగారము. ఇసుక త్రవ్వి లారీలకెత్తువానికి అది సరుకు. ఊరివానికి అది నీటికుండ. తీరపు ఇసుకతిన్నె వాననీటిని పీల్చి తన కడుపున దాచుకొనును. ఆ మంచినీరు ఉప్పునీటికంటె తేలికయగుటచే దానిపై తేలుచుండును. ఈ పలుచని పొరనే మన పెద్దలు దొరువులు త్రవ్వి, లోతునకు పోక, పైపైన తోడుకొని నారుమళ్లకును కాయగూరలకును వాడుకొనిరి. ఆ మితమునందు గొప్ప శాస్త్రము గలదు. మంచినీటి మట్టము సముద్రమట్టమునకు పైన ఒక అడుగు నిలిచినచో, దాని క్రింద సుమారు 40 అడుగుల మంచినీరుండును. పైన అడుగు తరిగినచో క్రింద ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చును. తిన్నెను త్రవ్వి గోతిచేసినచోట, పెద్ద మోటారులతో నీరు తోడినచోట జరుగునది యిదే. ఉప్పెక్కిన బావి మరల తియ్యబడుటకు ఒక తరము పట్టవచ్చును.

ఆ తిన్నెలును, వానిపై నాటిన సరుగుడు తోపులును సముద్రమునకు అడ్డుకట్టలు కూడ. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ మన తీరమును తాకినపుడు, తిన్నెయున్న పల్లెకును లేని పల్లెకును గల భేదమేమో తూర్పుతీరమెల్ల చూచినది. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలలో ఇసుకతిన్నెలు అత్యంత రక్షణ పొందవలసినవిగ పేర్కొనబడినవి. కాగితముమీద రక్షణ గలదు. కాని అనుమతికి మించి త్రవ్వకములు సాగుచున్నవను ఫిర్యాదులు ఈ మండలములనుండి పత్రికలకెక్కుట మానలేదు. ప్రభుత్వములు మారినవి, ఫిర్యాదు మారలేదు.

రొయ్యలచెరువుల కథయు ఇట్టిదే. 1990వ దశకపు ఆరంభమున టైగరు రొయ్యల పెంపకమునకు నెల్లూరు తీరము రాజధానియై వెలిగెను. 1994లో తెల్లమచ్చ తెగులు సోకి ఆ వైభవము కూలిపోయెను. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వ్యాజ్యమున 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పుచు, తీరపు నియంత్రణ పరిధిలో సాంప్రదాయికములు కాని రొయ్యలచెరువులను తొలగింపవలెననిరి. తీర్పు పూర్తిగ అమలుకాకమునుపే దానిచుట్టు దారులు వెదకబడెను. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చరు అథారిటీ చట్టము వచ్చెను. 2009లో వనామీ రొయ్య ప్రవేశించెను. 2023 సవరణతో చట్టములోని జైలుశిక్ష తొలగి జరిమానా నిలిచెను. వెచ్చని శీతకాలము రొయ్యకు మేలని పెంపకదార్లు కొందరందురు. అందులో కొంత నిజము లేకపోలేదు. తెల్లమచ్చ తెగులు చల్లని నీటిలోను, ఉష్ణము హఠాత్తుగ మారునప్పుడును విజృంభించును. కాని నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును, ఆవిరియై ఉప్పుదనము పెరుగును. ఆ ఉప్పును తగ్గించుటకు మరల భూమిలోని మంచినీటినే తోడవలెను. చెరువు రైతును మేము శత్రువుగ చూడము. అతడును అప్పులపాలైన రైతే. కాని వాని చెరువునకు మంచినీరు కావలసిన దినముననే ప్రక్కనున్న వరిరైతునకును, త్రాగుటకు ఊరికిని కావలసియుండును. ఆ లెక్కను తీర్చువారెవ్వరు?

సముద్రముపై ఆధారపడిన పట్టపుపల్లెలకు మార్పు వలలోనే కనబడుచున్నది. ఒకప్పుడు మలబారు తీరపు చేపగ నెంచబడిన నూనెకవళ్లు 1980ల తరువాత తూర్పుతీరమునను విరివిగ పడజొచ్చెను. నీరు వెచ్చబడినప్పుడు చేప తన కనువైన చోటికి పోగలదు. చిన్నపడవవాడు ఎచ్చటికి పోగలడు? దక్షిణమున పులికాటు సరస్సు శీతకాలపు అతిథులైన రాజహంసలకు ఆలవాలము. నేలపట్టున గూడబాతులు కడప చెట్లపై గూళ్లు కట్టుకొనును. స్వర్ణముఖి, కాళంగి నదులు తెచ్చు మంచినీరును, ముఖద్వారముల గుండ వచ్చు సముద్రజలమును సమపాళ్లలో కలిసినగాని పులికాటు నిలువదు. వాకాడు మండలమందలి రాయదొరువు ముఖద్వారము ఇసుకచే పూడుటచే ఆ పాళ్లు తప్పినవి. పక్షులకై పండుగలు చేయుచున్నాము, మంచిదే. ఆ సరస్సు ఒడ్డున చేపలు పట్టి బ్రదుకు యానాదులకును ఆ పండుగలో ఒక పీట వేయవలెను.

ఇక పరిశ్రమల సంగతి. కోటకు ఉత్తరమున కృష్ణపట్నమువద్ద దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రమున 800 మెగావాట్ల యంత్రములు మూడు గలవు. ప్రైవేటు కేంద్రములు వేరు. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడారులో భాగముగ చిల్లకూరు, కోట మండలములలో క్రిస్ సిటీయను పారిశ్రామిక నగరమునకు ప్రధానమంత్రి 2025 జనవరి 8వ తేదీన విశాఖపట్టణమునుండి శంకుస్థాపన చేసిరి. మొదటి విడత సుమారు 2,500 ఎకరములు. మేము పరిశ్రమలకు విరోధులము కాము. చదువుకొన్న కుర్రవాడు ఉద్యోగమునకై చెన్నపట్టణపు ఇరుకుగదిలో నుండుటకంటె స్వగ్రామమునకు చేరువనుండుట మాకును ఇష్టమే. కాని నగరమునకు నీరెక్కడిది, మురుగు ఎక్కడికి పోవును, ఇసుకతిన్నె లెన్ని మిగులును అను మూడు ప్రశ్నలకు శంకుస్థాపన శిలాఫలకము సమాధానము చెప్పదు.

ఈ వేడికి మూలకారణము మనము కామని కొందరు దేశాభిమానముతో చెప్పుదురు. ఆ మాట నిజము. నూటయేబది యేండ్లకు పైగ బొగ్గు, చమురు మండించి సంపన్నములైన దేశముల పొగయే నేడు మన ఆకాశమును కప్పుచున్నది. భారతీయుని తలకు పడు పొగ నేటికిని ప్రపంచపు సగటులో సగముకంటె తక్కువ. 2024 నవంబరున బాకూ నగరమున జరిగిన సభలో ధనికదేశములు 2035 నాటికి ఏటా 300 బిలియను డాలర్లు సమకూర్తుమనగా, అది మిక్కిలి స్వల్పమని మన ప్రతినిధి నిండుసభలో నిరసించుట న్యాయమే. బాకీని అడుగుట మన హక్కు. కాని యొక విషయమును గమనింపవలెను. లోకమున హెచ్చు ఉష్ణమును కోటవారు ఆపజాలరు. అయితే ఇసుకతిన్నెను త్రవ్వునది పరదేశపు పొగ కాదు. దొరువును ఉప్పుచేయునది బాకూ సభ కాదు. చెరువు కలుజును ఆక్రమించినది ఇంగ్లండు కాదు. వేడి పెరుగు దినములలో నీడను నరకుకొనువాడు ఎండను నిందించి ప్రయోజనమేమి? పరులనుండి న్యాయమును కోరు దేశము తన యింట దానిని ఆచరించినప్పుడే ఆ కోరికకు బలము కలుగును.

కావున మేము కొన్ని విషయములను ప్రభుత్వమువారి యెదుటను, ప్రజల యెదుటను ఉంచుచున్నాము. మొదటిది: ప్రతి తీరగ్రామ పంచాయతీయందును రాత్రి కనిష్ఠోష్ణము, వర్షపాతము, బావులలో నీటిమట్టము, ఉప్పుదనము తెలుగున వ్రాసి బల్లపై ప్రకటింపవలెను. తన నేల జ్వరమెంతో తెలియని రైతు మందెట్లు వేయగలడు? రెండవది: నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రమువారు వెచ్చని రాత్రులకును, ముంపునకును ఓర్చు వంగడములను, నాట్ల తేదీల మార్పులను కౌలురైతు మడివరకు తీసికొనిపోవలెను, పంటబీమా మునకకే గాక, రాత్రి వేడిచే గింజ తరుగుటకును వర్తింపవలెను. మూడవది: తిన్నెలను సర్వే చేయించి పటము లచ్చువేసి, త్రవ్వరాని హద్దులను రాళ్లతో గుర్తింపవలెను. నాలుగవది: క్రిస్ సిటీ నీటిలెక్కను, అందలి ప్రతి పరిశ్రమ పర్యావరణ నివేదికను సంక్షేపముగ గాక సమగ్రముగ తెలుగున ప్రకటించి, ఆ తరువాతనే ప్రజాభిప్రాయ సభ జరుపవలెను.

ఈ కడపటి కోరికను గూర్చి యొకమాట. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము నివేదిక సారాంశము మాత్రము స్థానిక భాషలోనుండిన చాలును. అసలు నివేదిక వందల పుటల ఇంగ్లీషు గ్రంథము. 2020లో ఆ ప్రకటనను మార్చదలచి ముసాయిదా వెలువరించినపుడు, దానిని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి అనువదింపవలెనని ఢిల్లీ హైకోర్టు ఆదేశింపవలసివచ్చెను. తన ఊరి నీరు ఏమగునో తన భాషలో చదువుకొను హక్కునకై పౌరుడు న్యాయస్థానమునకు పోవలసివచ్చుట స్వతంత్రదేశమునకు శోభ కాదు. అర్థముకాని కాగితముపై తీసికొన్న సమ్మతి సమ్మతి కాదు.

జిల్లాల సరిహద్దు లెట్లు మారినను కోట నెల్లూరు సీమలోనిదే. దాని భాగ్యము స్వర్ణముఖితోను, సముద్రముతోను ముడివడియున్నది. పంచాయతీ సభ్యులు, విద్యావంతులు, రైతు సంఘములవారు, పట్టపు పెద్దలు వేరువేరుగ మొరలిడుట మాని యొకచోట కూర్చుండవలసిన సమయమిది. వరిరైతునకు నీరు కావలెను, రొయ్యరైతునకు నీరు కావలెను, పరిశ్రమకు నీరు కావలెను. ఉన్నది ఒక్క పొర మంచినీరు. దానిక్రింద ఉప్పు కాచుకొనియున్నది. ఆ పొరను పంచుకొను పద్ధతిని గ్రామస్థులే నిర్ణయించుకొని ప్రభుత్వముచేత నొప్పింపవలెను. నాట్లు పడు కార్తె వచ్చువరకు ఆలోచించుటకు వ్యవధి గలదు. అంతకుమించి లేదు.